కూర్చున్న మొగ్గ

షాంగ్ తాతకి భయం. దేనికని అడిగితే చెప్పడం కష్టం, దేనికి కాదని అడిగితే మరీ కష్టం. గాలి వీస్తే భయం. వీయకపోతే, పెద్దదేదో వీయడానికి ఊపిరి బిగబట్టి కూర్చుందని భయం. చైనాలోని లొయాంగ్ పాత ఊళ్ళో తన ఇంటి ముందున్న రోడ్డు దాటాలన్నా ఆయనకి ముచ్చెమటలు పోస్తాయి. సోయా జున్ను, అదే టోఫూ, అమ్మే బండివాడు రోడ్డుకి అవతల పక్క నిలబడతాడు కాబట్టి, పెళ్ళయిన దగ్గర్నుంచి ఆ ఇంట్లో టోఫూ వండిన పాపాన పోలేదు. "ఇంకా నయం, నేను ఇవతల పక్క పుట్టాను. లేకపోతే ఈయన బ్రహ్మచారిగానే మిగిలిపోయేవాడు" అనేది షాంగ్ మామ్మ.

ఆ భయాలన్నీ ఒక ఎత్తు, ముదాన్ మొక్కల గురించిన భయం ఒక ఎత్తు. బయటి లోకం పియోనీ అని పిలిచే పువ్వే అది. లొయాంగ్‌లో పుట్టినవాడికి ముదాన్ మీద ప్రేమ లేకుండా ఉండదు. షాంగ్ తాతకీ ఉండే ఉంటుంది. కానీ ఆయన నోట ప్రేమ అనే ముక్క ఎన్నడూ రాలేదు, వచ్చిందల్లా ఒకటే మాట: "ష్! పువ్వు భయపడుతుంది!"

మూడు కుటుంబాలు కలిసి ఉండే లోగిలి అది. తూర్పు గదుల్లో షాంగ్ తాత, మామ్మ. పడమటి గదుల్లో సూమేయ్, ఆమె మొగుడు బావ్‌షెంగ్. గేటు పక్క గదిలో ఆవిరి రొట్టెలు చేసి మూడు చక్రాల బండి మీద అమ్ముకునే ఫాన్ పిన్ని. నడిమధ్య, చుట్టూ ఇటుకలు పాతిన చాపంత మడి. అందులో ఎర్ర ముదాన్ ఒకటి, తెల్లది ఒకటి, మూలగా పచ్చది ఒకటి. ఎర్రదీ తెల్లదీ ఏటా చేటంత పూలు పూసేవి. పచ్చది మాత్రం ఆశ పెట్టడమే. మొగ్గ తొడిగేది, గుండ్రంగా ఉబ్బేది, తీరా విచ్చుకునే వేళకి కాడ వాడి రాలిపోయేది. వరసగా రెండు వసంతాలు అదే వరస.

రెండో మొగ్గ రాలిన వారమే తాత లోగిలి మధ్య నిలబడి చాటింపు వేశాడు. చాటింపంటే గుసగుసగానే లెండి, గట్టిగా అరిస్తే మొక్క దడుచుకుంటుందని.

"ఇవాళ్టి నుంచి ఈ లోగిట్లో ఆ మాట ఎవరూ అనకూడదు."

"ఏ మాట తాతా?" అంది ఫాన్ పిన్ని.

"అదే... కిందకి వెళ్ళే మాట."

"పడిపోవడమా?"

"ష్! పువ్వు భయపడుతుంది!"

అక్కడివాళ్ళ వాడుకలో జుట్టు రాలినా, పన్ను ఊడినా, ధర తగ్గినా, ఆడదాని కడుపు పోయినా అన్నిటికీ అదొక్కటే మాట: పడిపోయింది. ఆ ఒక్కటీ తీసేస్తే మనిషి ఏం మాట్లాడతాడు? తాత దానికీ దారి చూపించాడు. తోటల్లో పిందె రాలకుండా నిలిస్తే కూర్చుంది అంటారు కదా, ఇకమీదట ఏది పడినా కూర్చుందనే అనమన్నాడు.

దాంతో లోగిలి భాషే మారిపోయింది. "తాతా, బంగాళాదుంపల ధర నిన్నటికి నిన్న కూర్చుంది" అనేది ఫాన్ పిన్ని. మామ్మ అద్దం ముందు నిలబడి, "నా జుట్టంతా దువ్వెనలో కూర్చుంటోంది" అని నిట్టూర్చేది. ఒకరోజు బావ్‌షెంగ్ మోకాలి చిప్ప చెక్కుకుపోయి కుంటుకుంటూ వచ్చాడు. "ఏమైంది?" అంటే మడి వైపు ఓరగా చూసి, "ఏం లేదు, సైకిల్ మీంచి కూర్చున్నాను" అన్నాడు.

గొడుగుకీ అదే గతి పట్టింది. ఆ మాటా, చెదిరిపోవడమనే మాటా అక్కడ ఒకేలా పలుకుతాయి. అందుకని తాత దాన్ని చేతిచూరు అనేవాడు. ఆ చేతిచూరుల కోసం ఆయన కరవని గడ్డి లేదు. వాన వస్తే పూల రేకుల్లో నీళ్ళు నిండి కాడ వంగిపోతుందని, ఇంటికి వచ్చిన ప్రతివాడి గొడుగూ పట్టుకుని వదిలేవాడు కాదు. కరెంటు మనిషి గొడుగు, పోస్టుమాన్ గొడుగు, ఎవరో పెళ్ళి శుభలేఖ ఇవ్వడానికి వచ్చి తడుస్తూ వెళ్ళిన వాళ్ళ గొడుగు, అన్నీ వెదురు కర్రలకి కట్టి మడి చుట్టూ నిలబెట్టాడు. దూరం నుంచి చూస్తే మడిలో గొడుగులు సాగు చేస్తున్నట్టు ఉండేది.

సూమేయ్‌కి ఇవన్నీ చూసి నవ్వు వచ్చేది. కానీ ఆ ఏడాది ఆమెకి నవ్వడానికి కూడా భయంగానే ఉండేది. చలికాలం ఇంకా రాకముందే మళ్ళీ నెల తప్పింది. మళ్ళీ అనడం ఎందుకంటే ఇది మూడోసారి. ముందు రెండుసార్లూ నిలవలేదు. ఆఖరిసారి ఆసుపత్రి నుంచి వచ్చి ఆ మడి అంచునే కూర్చుని, ఎవరూ చూడటం లేదనుకుని ఏడ్చింది. ఈసారి మొగుడికి తప్ప ఎవరికీ చెప్పలేదు. పొద్దున లేవగానే చెయ్యి దానంతటదే పొట్ట మీదికి పోయేది. ఉందా? ఉందనుకున్నాక సాయంత్రం దాకా ఉంటుందా అని భయం. కలలో కూడా జాగ్రత్తగా నడిచేది. పొట్ట ఎత్తు తెలిసిపోయాక లోగిలికంతా తెలిసింది, కానీ ఆ కబురు ఎత్తడానికి ఎవరికీ నోరు రాలేదు.

ఫాన్ పిన్నికి ఒకసారి వచ్చింది. "పాపం నీ రాత ఎలా ఉందో తల్లీ, ఆ రెండూ అలా..." అని మొదలుపెట్టిందో లేదో, మడిలోంచి తాత తల పైకి లేచింది.

"ష్! పువ్వు భయపడుతుంది!"

"నేనింకా ఆ మాట అననే లేదు కదయ్యా!"

"అనబోయావు. దానికి తెలుస్తుంది."

ఆ చలికాలం నుంచి తాత భయాలకి రెక్కలొచ్చాయి. బావ్‌షెంగ్ గదిలో సిగరెట్టు ముట్టిస్తే తాత తలుపు దగ్గర ప్రత్యక్షం. "పచ్చదానికి పొగ పడదు నాయనా." గదిలో కాలిస్తే మడికి ఎలా వస్తుందని అడిగితే, "వేళ్ళకి ముక్కులుంటాయి" అన్నాడు. పాపం బావ్‌షెంగ్ వీధి చివరికి పోయి, మంచులో నిలబడి, రెండు దమ్ములు లాగి తిట్టుకుంటూ వచ్చేవాడు. కొన్నాళ్ళకి ఆ నడక బాధ పడలేక సిగరెట్లే మానేశాడు.

తర్వాత ఫాన్ పిన్ని బొగ్గు పొయ్యి గేటు బయటికి పోయింది. తర్వాత గోడకి మేకులు కొట్టడం ఆగిపోయింది. తర్వాత నీళ్ళ బకెట్ల వంతు. సూమేయ్ పంపు దగ్గర్నుంచి బకెట్ మోసుకొస్తుంటే తాత రెండు చేతులూ చాచి అడ్డంగా నిలబడ్డాడు.

"నువ్వు మోస్తే నేల అదురుతోందమ్మాయ్. వేళ్ళు కదిలిపోతున్నాయి. మీ ఆయన్ని మొయ్యమను."

"ఆయన నాకంటే రెండింతలు బరువు కదా తాతా! ఆయన నడిస్తే అదరదా?"

తాత గబగబా మడి వైపు తిరిగాడు. "మగవాళ్ళ అదురు దానికి అలవాటే" అన్నాడు.

వసంతం వచ్చింది. ఎర్రదీ తెల్లదీ పూసి వాడిపోయాయి. అందరికంటే ఆలస్యంగా లేచే పచ్చది, ఆకుల మధ్య ఒకే ఒక్క మొగ్గని చూపించింది. తాతకి అన్నం సహించడం మానేసింది. తుమ్మెదలు మొగ్గని కుట్టి చంపుతాయని కొత్త భయం పట్టుకుంది. కాపలా కావాలి. కాపలాకి సూమేయే కావాలి.

"నేనెందుకు తాతా? ఫాన్ పిన్ని లేదూ?"

"దాని గొంతుకి తుమ్మెదలే కాదు, మొగ్గ కూడా ఎగిరిపోతుంది. నువ్వు నెమ్మదైన పిల్లవి. కూర్చో."

మడి పక్కన వెదురు పడక్కుర్చీ వేశాడు. తుమ్మెదలు కిందుగా వస్తాయి కాబట్టి కాళ్ళు ఎత్తుగా పెట్టుకోవాలని ముక్కాలిపీట పెట్టాడు. తుమ్మెదలు నడుము వంగిన మనిషిని లెక్కచెయ్యవని వీపుకి దిండు పెట్టాడు. చేతికి చేతిచూరు ఇచ్చాడు. మధ్యాహ్నం ఎండ తగ్గేదాకా లేవకూడదన్నాడు. సూమేయ్ అలా పడుకుని మొగ్గని కాపలా కాస్తుంటే, ముక్కాలిపీట అవతల గొంతుక్కూర్చుని తాత భయపడేవాడు.

"అమ్మాయ్, దాని రంగు మారినట్టు లేదూ?"

"లేదు తాతా, బాగానే ఉంది."

"కాడ సన్నబడిందేమో?"

"ఏం కాదు తాతా. గట్టిగానే ఉంది."

"ఈసారి నిలుస్తుందంటావా?"

"నిలుస్తుంది."

"ఇంకోసారి చెప్పు."

"నిలుస్తుంది తాతా! ఎన్నిసార్లు చెప్పను?"

ఆయన భయాలకి జవాబు చెప్పడంతోనే పొద్దు గడిచిపోయేది. తనకంటూ భయపడటానికి సూమేయ్‌కి తీరిక దొరికేది కాదు. రోజుకి ఎన్ని మార్లు "ఏం కాదు, నిలుస్తుంది" అనేదో ఆమెకే తెలియదు. సాయంత్రం గదిలోకి వెళ్ళాక గానీ తన భయం గుర్తొచ్చేది కాదు, అప్పటికి నిద్ర ముంచుకొచ్చేసేది.

అన్నిటికీ మించింది ఎముకల పులుసు. కోడి ఎముకలూ పంది ఎముకలూ మరిగించి, అల్లం వేసి, తాత రోజూ ఒక గిన్నె పట్టుకొచ్చేవాడు. మొక్కకి బలమట.

"సగం నువ్వు తాగు, సగం దానికి పోస్తాను."

"మొక్క పులుసు నేనెందుకు తాగడం?"

"మనిషి ఎంగిలి చెయ్యనిది అది ముట్టదు. నీకు తెలీదు, పచ్చ ముదాన్‌కి నోటి రుచి ఎక్కువ."

ఈ ముసలాయనకి మతి పోయిందనుకుంటూనే సూమేయ్ తాగేది. తాత మిగిలిన సగం పట్టుకుని మడి వెనక్కి వెళ్ళేవాడు.

నెలలు నిండటానికి ఇంకా కొంచెం ఉందనగా, ఒక మధ్యాహ్నం ఆకాశం ఉన్నట్టుండి బూడిద రంగుకి తిరిగింది. మొగ్గ అప్పటికి బాగా ఉబ్బి, కొసన లేత ఆకుపచ్చ రేకు ఒకటి తొంగిచూస్తోంది. ఇవాళో రేపో విచ్చుకుంటుందని తాత పొద్దుటి నుంచి వణుకుతూనే ఉన్నాడు. ఈదురుగాలి లేచింది. కట్టిన గొడుగులన్నీ టపటపా కొట్టుకోవడం మొదలుపెట్టాయి. తాత ఒక కర్ర నుంచి ఇంకో కర్రకి పరిగెత్తుతున్నాడు.

"అమ్మాయ్, ఆ చేతిచూరు గట్టిగా పట్టుకో! అమ్మాయ్?"

సూమేయ్ పట్టుకోలేదు. నడుములోంచి కత్తి దించినట్టు ఒక నొప్పి వచ్చింది. చేతిలోని గొడుగు గాలికి పోయింది. రెండో నొప్పికి ఆమె కుర్చీ చేతులు పట్టుకుని బిగుసుకుపోయింది. మళ్ళీ అయిపోయింది, ఈసారీ అయిపోయింది అనే ఒక్క ఆలోచన తప్ప ఆమె బుర్రలో ఏమీ లేదు.

"తాతా," అంది. "నాకు భయమేస్తోంది."

అన్ని నెలల్లో ఆ మాట ఆమె పైకి అనడం అదే మొదటిసారి.

తాత మొగ్గ వైపు చూశాడు. ఆమె వైపు చూశాడు. సరిగ్గా అప్పుడే గోలీలంత వడగళ్ళు టపటపా మొదలయ్యాయి.

ఆ తర్వాత జరిగింది ఫాన్ పిన్ని ఎన్నేళ్ళు చెప్పినా ఎవరూ నమ్మలేదు. షాంగ్ తాత మడిలోకి దూకి, కర్రలకి కట్టిన గొడుగులన్నీ ఊడబెరికాడు. ముడులు విప్పే ఓపిక లేక పళ్ళతో కొరికాడు. రొట్టెల బండి మీద దుప్పటి పరిచి సూమేయ్‌ని పడుకోబెట్టి, ఆమె చుట్టూ పోస్టుమాన్ గొడుగు, కరెంటు మనిషి గొడుగు, పెళ్ళివాళ్ళ గొడుగు అన్నీ పొదిగేశాడు. ఒకటి కూడా మొక్కకి మిగల్చలేదు, తన నెత్తికీ మిగల్చుకోలేదు. ఫాన్ పిన్ని తొక్కుతుంటే వెనక నుంచి తోశాడు. రోడ్డు వచ్చింది. బస్సులూ, లారీలూ, సైకిళ్ళూ. ఆసుపత్రి అవతల పక్కన ఉంది.

తాత రోడ్డు దాటాడు.

దాటుతూ రెండు చేతులూ ఊపుతూ, "ఆగండి! ఆగండర్రా! భయపడుతోంది!" అని గొంతు చించుకుని అరిచాడు. జన్మలో గుసగుస తప్ప ఎరగని ఆ గొంతుకి ఒక బస్సు నిజంగానే ఆగిపోయింది.

లోగిలి గేటు దగ్గర్నుంచి మామ్మ కేక వినిపించింది. "ఏవయ్యో! మొగ్గ పడిపోయింది!"

ఆ మాట విని ఫాన్ పిన్ని తొక్కడం ఆపేసింది. భయంభయంగా వెనక్కి చూసింది.

"పడిపోతే పడిపోనీ!" అని అరిచాడు తాత. "చెట్టుతో సహా పడిపోనీ! నువ్వు తొక్కవే!"

బండిలో గొడుగుల కింద అంత నొప్పిలోనూ సూమేయ్‌కి నవ్వు వచ్చింది. నవ్వుకి నొప్పి ఎక్కువైంది, నొప్పికి ఏడుపొచ్చింది. అయినా నవ్వు ఆగలేదు.

పొద్దు వాలకముందే ఆడపిల్ల పుట్టింది. చిన్నదే గానీ గొంతు మాత్రం ఫాన్ పిన్నిది. కార్ఖానా నుంచి పరిగెత్తుకొచ్చిన బావ్‌షెంగ్ గోడకి ఆనుకుని నిలబడిపోయాడు. నర్సు తలుపు తీసుకుని వచ్చి, "తల్లీ బాగుంది, పిల్లా బాగుంది. బయట వరండాలో మాత్రం ఎవరో ముసలాయన పడిపోయాడు" అంది.

"పడిపోలేదమ్మా," అని నేల మీంచి నీరసంగా ఒక గొంతు వచ్చింది. "కూర్చున్నాను."

మర్నాడు మామ్మ పులుసు గిన్నె పట్టుకుని వచ్చింది. సూమేయ్ అలవాటుగా సగం తాగి గిన్నె పక్కన పెట్టింది.

"మొత్తం తాగవే. ఇక్కడ పంచుకోవడానికి ఏ మొక్కుందని?"

"అలవాటైపోయింది మామ్మా. పాపం, పచ్చదానికి నాలుగు నెలలుగా ఇదే తిండి కదా."

మామ్మ ఆమెని వింతగా చూసింది. "ఉప్పు వేసిన పులుసు పోస్తే ఏ ముదానైనా బతుకుతుందే? వేరు మాడి చస్తుంది. నీ సగం నువ్వు తాగేదానివి, పువ్వు సగం మడి వెనక్కి పోయి మా ఆయన తాగేవాడు. చూళ్ళేదూ, నీతో పాటు ఆయనకీ ఎలా పొట్ట వచ్చిందో!"

సూమేయ్ దిండు మీంచి లేచి కూర్చుంది. "మరి పొగ?"

"పొగ ముదాన్‌ని ఏం చేస్తుంది?"

"బకెట్లు?"

"భూకంపం వచ్చినా దానికి చీమ కుట్టినట్టయినా ఉండదు."

"ఆ మాట అనకూడదని చాటింపు వేసింది? మొగ్గ రాలిందనే కదా?"

"మొగ్గ అంతకుముందు ఏడు కూడా రాలింది. అప్పుడెందుకు వెయ్యలేదు?" మామ్మ గొంతు తగ్గించింది. "నువ్వు మడి దగ్గర కూర్చుని ఏడ్చిన రోజు, ఓదార్చడానికి వచ్చిన వాళ్ళందరూ పడిపోయిందా, పడిపోయిందా అని అదే మాట అంటుంటే ఈయన కిటికీలోంచి విన్నాడు. ఆ మాట అన్నప్పుడల్లా నువ్వు ఉలిక్కిపడటం చూశాడు. ధైర్యం చెప్పడం మా ఆయనకి రాదమ్మా, ఆయన దగ్గర ఉంటే కదా చెప్పడానికి! చేతనైంది భయపడటం ఒక్కటే. అదే నీ బదులు పడ్డాడు."

సూమేయ్ గిన్నె మళ్ళీ చేతికి తీసుకుంది. మిగిలిన సగం పులుసు కూడా తాగేసింది. ఆ తర్వాత, "తాత ఎక్కడ?" అంది.

"ఎక్కడేమిటి, ఇక్కడే. నిన్న రోడ్డు దాటాడు గానీ తిరిగి దాటడానికి కాళ్ళు రావటం లేదట. టోఫూ బండి పక్కన నిలబడ్డాడు. ఫాన్ వచ్చి బండిలో వేసుకుపోవాలి. ఎలాగూ అక్కడే ఉన్నాడు కదాని టోఫూ కొనమన్నాను."

ఆ సాయంత్రం పెళ్ళయ్యాక మొదటిసారి షాంగ్ వారింట టోఫూ ఉడికింది. తాత వేడిగా ఉందని భయపడి చల్లారాక తిన్నాడు.

బాలింత నెల్లాళ్ళూ గాలి తగలకుండా గదిలోనే ఉండాలి. సూమేయ్ ఇంటికి వచ్చిన మూడోనాడు ఎవరో కిటికీ మీద గోటితో కొట్టారు. రెక్క కొంచెం తీస్తే షాంగ్ తాత. చేతిలో అన్నం గిన్నె. అందులో నీళ్ళు. వడగళ్ళ దెబ్బకి తెగిన మొగ్గని మామ్మ ఏరి దోసిట్లో పెట్టుకొచ్చి ఆ నీళ్ళలో పెట్టిందట. అది అక్కడే, గిన్నె అంచుకి తల ఆనించి, నిదానంగా విచ్చుకుంది. రేకు మీద రేకు, లేత చిక్కుడు గింజ రంగులో, గిన్నె పట్టనంత పువ్వు. రెండు వసంతాలుగా ఆ లోగిట్లో ఎవరూ చూడని పువ్వు.

సూమేయ్ కిటికీకి దగ్గరగా జరిగింది. "తాతా," అంది, "పడిపోయిందన్నారు కదా! చూడు, ఎలా కూర్చుందో!"

"ష్! గట్టిగా అనకు. భయపడుతుంది."

"ఏది తాతా? పువ్వా, పిల్లా?"

తాత గిన్నెని కిటికీ గట్టు మీద పెట్టి, లోపల నిద్రపోతున్న పసిదాన్ని మెడ చాచి ఒకసారి చూసుకున్నాడు.

"రెండూ కాదే. నేను" అన్నాడు. గాలి తగులుతుందేమోనని కిటికీ రెక్క తనే దగ్గరగా వేసి, చెప్పుల చప్పుడు కాకుండా వెళ్ళిపోయాడు.